అతికిన ఎముక, వదలని బ్రేకు: ఎముకల డాక్టర్లకు, ఫిజియోథెరపిస్టులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ఎముకల డాక్టర్లకు, ఫిజియోథెరపిస్టులకు నమస్కారం.

నేను నల్లగొండలో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుకుంటాను. బి.ఎస్సీ. చదివి కుట్టు మిషన్ పట్టినదాన్ని. రెండేళ్ల కిందట నా కుడి తొడ ఎముక విరిగితే మీలో ఒకరు రాడ్ వేసి, పైనా కిందా స్క్రూలు బిగించి నిలబెట్టారు. ఆ తర్వాత ఎక్స్-రే చూసిన ప్రతి డాక్టరూ "ఎవరు చేశారమ్మా, చక్కగా చేశారు" అన్నవారే. నా కళ్లకి తెలిసేది కుట్టు ఒక్కటే కాబట్టి చెప్తున్నాను, తొడ మీద మచ్చ కూడా వంకర లేకుండా ఉంది. ఆపరేషన్ గురించి నాకే ఫిర్యాదూ లేదు. ఆపరేషన్ అయ్యాక మీరెవరూ అడగని ఒక ప్రశ్న గురించి ఈ ఉత్తరం.

పెళ్లిళ్ల సీజన్‌కి హైదరాబాద్ పత్తర్‌గట్టీలో బట్టలు కొనుక్కొని రాత్రి కారులో తిరిగొస్తున్నాం. మా మరిది నడుపుతున్నాడు. నేను పక్క సీట్లో ఉన్నాను. పంతంగి టోల్ గేటు దాటి పది నిమిషాలయ్యిందో లేదో, వెనక లైట్లు లేకుండా ఆపి ఉంచిన లారీ ఒకటి మా లైట్ల వెలుగులోకి వచ్చేసింది. నేను అరవలేదు. కుడి కాలితో నా ముందున్న నేలని బలమంతా పెట్టి తొక్కాను. అక్కడ బ్రేకు లేదు. అయినా తొక్కాను. అలా తొక్కి ఉండగానే దెబ్బ తగిలింది.

ఆరో వారం ఎక్స్-రే, మూడో నెల ఎక్స్-రే, ఆరో నెల ఎక్స్-రే. మూడో నెలలో డాక్టరుగారు ఫిల్మ్‌ని లైటు ముందు పెట్టి "బాగా అతుక్కుంటోంది, ఇంక భయం లేదు" అన్నారు. ఆయన చెప్పింది ఎముక గురించి. నేను తలూపి బయటికి వచ్చి, గేటు దగ్గర ఆటో ఎక్కలేక ఇరవై నిమిషాలు నిలబడ్డాను. చేతిలో వాకర్ ఉంది కాబట్టి చూసినవాళ్లంతా నొప్పి అనుకున్నారు. నేనూ అదే చెప్పాను. "భయం" అని చెప్పుకోవడం కన్నా "నొప్పి" అనడం సులువు, దానికి మాత్ర కూడా ఉంటుంది.

ఐదో నెలలో షాపు తెరిచాను. నాది మోటారు మిషన్, పెడల్ కుడి కాలి కింద ఉంటుంది. ఒకరోజు పెళ్లికూతురి పట్టు జాకెట్‌కి చెయ్యి అతికిస్తుంటే బయట రోడ్డు మీద లారీ ఎయిర్ హారన్ మోగింది. నా ప్రమేయం లేకుండా కాలు పెడల్‌ని నేలకి అదిమేసింది. మిషన్ పరుగెత్తి ఐదంగుళాలు అడ్డదిడ్డంగా కుట్టేసి, సూది విరిగాక ఆగింది. నేను చెమటతో తడిసిపోయి ఉన్నాను. పట్టు బట్ట మీద కుట్టు విప్పినా సూది రంధ్రాలు పోవు. జాకెట్ ముక్క డబ్బులు కట్టుకున్నాను. ఆ తర్వాత లెక్క చూసుకుంటే అర్థమైంది, ఎవరి బండి ఎక్కినా, ఆటోలో వెనక కూర్చున్నా, ఆఖరికి నిద్రలో కూడా నా కుడి కాలు బ్రేకు తొక్కుతూనే ఉంది.

చిన్నప్పుడు కుక్క నా మీద పడి నేను దడుసుకుంటే మా నాయనమ్మ నన్ను దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది, వారం రోజులు పక్కలో పడుకోబెట్టుకుంది. తాయెత్తు పనిచేస్తుందని వాదించను. కానీ పిల్ల దడుసుకుంది, ఆ దడుపు ఒంట్లో ఉండిపోయింది అని ఆవిడ కనిపెట్టింది. అసలు మన భాషలో భయం ఉండేదే ఒంట్లో కదా. గుండె జారుతుంది, కాళ్లు చల్లబడతాయి, ఒళ్లు జలదరిస్తుంది, పై ప్రాణాలు పైనే పోతాయి. మనవాళ్లు దడుపు జ్వరం అన్నదీ ఒంటి జబ్బుగానే. ఇప్పుడు ఇంగ్లీషులో ఘోరం జరిగాక మిగిలిపోయిన దడుపుకి శరీరం ఆధారంగా చేసే ట్రామా థెరపీ అంటే ఏదో కొత్త లోకంలా వినిపిస్తోంది కానీ, దాని మూల విషయం మా నాయనమ్మకి తెలిసిందే.

మీ వాళ్లకి కూడా తెలిసిందే. నిద్ర పట్టని రాత్రులు ఫోనులో చదువుతూ పోతే ఇది కనపడింది. 1866లో లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సెన్ రైలు ప్రమాదాల నుంచి బయటపడినవాళ్ల గురించి చేసిన ఉపన్యాసాలు అచ్చయ్యాయి. పైకి పెద్ద గాయం కనపడదు, అయినా మనిషి నిద్రపోడు, వణుకుతాడు, నడుము నొప్పి అంటాడు, రైలు పేరెత్తితే బిగుసుకుపోతాడు. దీనికి "రైల్వే స్పైన్" అని పేరు పడింది. వెన్నుపాముకి కుదుపు తగిలిందని ఆయన వాదం. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే మరో సర్జన్, కాదు, చాలామందిలో భయమే ఈ పని చేస్తోంది అన్నాడు. ఈ పేజ్ ఒక రైల్వే కంపెనీకి సర్జన్. నష్టపరిహారం కేసులు ముమ్మరంగా నడుస్తున్న కాలం అది, కాబట్టి ఆయన మాట వెనక కంపెనీ జేబు ఎంత ఉందో మీరే ఊహించుకోండి. ఏదైతేనేం, ప్రమాదం తాలూకు భయం ఒంట్లో కాపురం పెడుతుందా అనే గొడవ మొదలైంది సర్జన్ల దగ్గరే. ఘోరం జరిగాక ఆ భయం నెల దాటినా వదలని జబ్బుకి పెట్టిన పీటీఎస్‌డీ అన్న పేరు అమెరికా మానసిక వైద్యుల పుస్తకానికి ఎక్కింది 1980లో. నూట పద్నాలుగేళ్లు ఆలస్యంగా.

2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. వీళ్లందరికీ నాలాంటి పరిస్థితి రాదు. మొదటి వారాల్లో ఉలిక్కిపడటం, కలలు, వాహనం అంటే బెదురు చాలామందికి ఉంటాయి, చాలామందికి వాటంతట అవే తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గనివాళ్ల సంగతే నేను అడుగుతున్నది. ఆ నెల దాటిన సమయంలో, ఇంకే డాక్టరు మొహమూ చూడని ఆ మనిషి మీ ఓ.పి. ముందు బెంచీ మీద ఎక్స్-రే కవరు పట్టుకుని కూర్చుని ఉంటాడు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లేవాళ్లు మాలో ఎంతమంది? మీ దగ్గరికి మాత్రం రాకతప్పదు.

నా సంగతి కనిపెట్టింది ఒక ఫిజియోథెరపీ అమ్మాయి. మోకాలు ఎన్ని వారాలైనా సరిగ్గా వంగడం లేదు. ఒకరోజు వంచుతూ వంచుతూ ఆగిపోయి, "అక్కా, మీరు శ్వాస ఆపేస్తున్నరు. నొప్పి లేస్తున్నదా?" అంది. లేదన్నాను. "మరి ఎందుకు బిగబడుతున్నరు?" నాకు జవాబు తెలియలేదు. ఏడుపొచ్చింది. ఆ పిల్ల ఏమైంది ఏమైందని గుచ్చి అడగలేదు. ఒక గ్లాసు నీళ్లు ఇచ్చి, మర్నాడు మంచాన్ని తలుపు నాకు కనపడేలా తిప్పి వేసింది. అప్పటిదాకా నా వీపు వైపు నుంచి ఎవరో ఒకరు నడుస్తుండేవాళ్లు, ప్రతి అడుగుకీ నేను ఉలిక్కిపడేదాన్ని, అది నాకే తెలియదు. చెయ్యి వేసే ముందు "ఇప్పుడు మడమ పట్టుకుంటున్న" అని చెప్పేది. ఊపిరి వదిలేటప్పుడే వంచేది. "ఆపు" అంటే ఆపేది, ఒక్క అంగుళం కూడా ఎక్కువ లాగేది కాదు. మూడు వారాల్లో మోకాలు అంతకుముందు రెండు నెలల్లో వంగనంత వంగింది.

ఇది ఆ అమ్మాయి మంచితనం అని వదిలెయ్యకండి, దీని వెనక శాస్త్రం ఉంది. నొప్పి ప్రమాదాన్ని గుర్తుచేస్తుంది, గుర్తు రాగానే కండరం బిగుస్తుంది, బిగిస్తే మళ్లీ నొప్పి. దీర్ఘకాలం నొప్పీ పీటీఎస్‌డీ ఒకదాన్నొకటి పోషించుకుంటాయని షార్ప్, హార్వీ అనే పరిశోధకులు 2001లోనే రాశారు. ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు, 2019లో అచ్చయింది. వాహన ప్రమాదాల్లో మెడ ఒక్కసారిగా విసురుకుని విప్‌లాష్ అనే గాయమైన 108 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఎప్పటిలా వ్యాయామాలు, ఇంకో గుంపుకి వ్యాయామాలతో పాటు ఒత్తిడిని తట్టుకునే శిక్షణ ఇచ్చారు. ఇచ్చింది మానసిక నిపుణులు కాదు, ఆ పని నేర్పించిన ఫిజియోథెరపిస్టులే. రెండో గుంపు మెడ ఇబ్బంది ఎక్కువ తగ్గింది, ఏడాది తర్వాత చూసినా ఆ తేడా నిలిచింది. చెయ్యి మా ఒంటి మీద వేసే హక్కు మీకొక్కరికే ఉంది కాబట్టి, ఈ పనిలో మీ చేతికి ఉన్నంత అవకాశం ఇంకెవరికీ లేదనుకుంటాను.

అయితే ఆ అమ్మాయి కలిసేలోపు నేను ఒక పొరపాటు చేశాను, అది చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. మీరు అడగలేదు కాబట్టి నేను రీల్స్‌ని అడిగాను. అందులో మెదడు నుంచి గుండెకీ పొట్టకీ వెళ్లే వేగస్ నాడిని మూడు నిమిషాల్లో రీసెట్ చేసేవాళ్లు, తుంటి కండరాల్లో దాక్కున్న ట్రామాని వదిలించేవాళ్లు కోకొల్లలు. ఆరున్నర వేలు కట్టి హైదరాబాద్‌లో ఒక వారాంతపు హీలింగ్ వర్క్‌షాప్‌కి వెళ్లాను. నడిపినవాళ్ల పేరు రాయను, ఒక్కరే అయితే కదా. నలభై మందిని ఒక హాల్లో పెట్టి, లైట్లు ఆర్పి, డప్పులాంటి మ్యూజిక్ పెట్టి, "ఒళ్లు వదిలెయ్యండి, వణకండి, అరవండి, లోపలున్నదంతా బయటికి రానివ్వండి" అన్నారు. వచ్చింది. లారీ వచ్చింది. కింద పడిపోయాను. "గుడ్, రిలీజ్ అవుతోంది" అని మైకులో ఎవరో అన్నారు. ఆ తర్వాత మూడు వారాలు గంట కూడా కన్ను మూయలేదు. ఫోను చేస్తే "హీలింగ్‌లో ఇది నార్మల్ అండీ, అడ్వాన్స్‌డ్ లెవెల్‌కి రండి" అన్నారు. దానికి పన్నెండు వేలు.

ఒంటి ద్వారా నయం చేసే పద్ధతులన్నీ ఇంతే అని నేను అనను. అదే నా ఇబ్బంది. మంచిదీ మోసమూ ఒకే షోకేసులో పక్కపక్కన వేలాడుతున్నాయి, లేబుళ్లు లేవు. సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ అని అమెరికాకి చెందిన పీటర్ లెవిన్ రూపొందించిన పద్ధతి ఒకటుంది. జరిగిన కథ చెప్పించడం కన్నా ఒంట్లో ఆ క్షణాన కలిగే బిగువు, వేడి, వణుకు ఇలాంటివాటిని కొద్దికొద్దిగా గమనింపజేస్తారు. అరవమనడం దాని పద్ధతికే విరుద్ధం. ఇజ్రాయెల్‌లో 63 మంది మీద చేసిన పరీక్ష 2017లో వచ్చింది, మేలు కనపడింది. డెన్మార్క్‌లో నడుము నొప్పీ పీటీఎస్‌డీ లక్షణాలూ కలిసి ఉన్నవాళ్లకి ఇస్తే, మొదటి పరీక్షలో లాభం కనిపించింది, 2020లో వచ్చిన రెండోదాంట్లో ఫిజియోథెరపీకి ఇది కలిపినందువల్ల అదనంగా ఒరిగిందేమీ లేదని తేలింది. అంటే ఆశ ఉంది, ఖాయం కాలేదు. యోగాదీ దాదాపు అంతే. 2014లో బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ బృందం, ఎన్ని చికిత్సలు చేసినా తగ్గని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది మహిళల మీద చేసిన పరీక్షలో, పది వారాల తర్వాత లెక్కకి వచ్చినవాళ్లలో, యోగా చేసిన 31 మందిలో 16 మంది ఆ జబ్బు కొలతల్లోంచి బయటపడ్డారు. యోగా చెయ్యని రెండో గుంపులో 29 మందిలో ఆరుగురు. అందులో నాకు నచ్చింది, ఆ యోగాలో టీచరు వెనకనుంచి వచ్చి నడుము సరిచెయ్యడం ఉండదు. నీకు వీలైతే వంగు, లేకపోతే మానెయ్, అంతే. మన ఊళ్లలో యోగా మాస్టర్లకి ఈ ముక్క ఎవరైనా చెప్తే బాగుండు. ఇక ఎం.డి.ఎం.ఎ. అనే మత్తుమందుతో చేసే చికిత్స గురించి పెద్ద హడావిడి నడిచింది కానీ, మందులకి అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్.డి.ఎ. 2024 ఆగస్టులో దాన్ని తిప్పిపంపింది. మన దగ్గర అది నేరం. ఇక భయాన్ని వేగస్ నాడితో ముడిపెట్టే సిద్ధాంతం మీద శరీర శాస్త్రం చదివినవాళ్లే ఇంకా తగవులాడుకుంటున్నారు.

నాకు పనిచేసింది కళ్లు అటూ ఇటూ కదిపిస్తూ చేసే ఇ.ఎం.డి.ఆర్. అనే చికిత్స. ఫిజియో అమ్మాయే ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపింది. ఫ్రాన్సీన్ షాపిరో అనే అమెరికన్ 1987లో పార్కులో నడుస్తూ, కళ్లు అటూ ఇటూ కదులుతుంటే మనసులోని చేదు తలపు పదును తగ్గుతోందని గమనించి మొదలుపెట్టిన పద్ధతి. వినడానికి మంత్రగాళ్ల పనిలా ఉందని నేనూ అనుకున్నాను. కానీ 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీకి సిఫారసు చేసిన చికిత్సల్లో ఇదొకటి. కళ్ల కదలికే పనిచేస్తుందా, లేక భయంకరమైన దృశ్యాన్ని మనసులో పట్టుకుని ఇంకో పని చెయ్యడం వల్ల ఆ దృశ్యం పల్చబడుతుందా అన్నదాని మీద వాళ్లలో వాళ్లకి వాదనలున్నాయి. నాకు వాదనతో పని లేదు, నిద్రతో పని.

మొదటి రెండుసార్లు అసలు ప్రమాదం జోలికే పోలేదు. మనసు అదుపు తప్పితే ఎలా వెనక్కి రావాలో నేర్పారు. మూడోసారి, "అన్నిటికన్నా ఘోరమైన బొమ్మ ఏది?" అన్నారు. లారీ వెనక వేలాడుతున్న నీలం టార్పాలిన్ అంచు. "దాన్ని చూస్తే మీ గురించి మీకు ఏమనిపిస్తుంది?" ఆపలేకపోయాను. "సున్నా నుంచి పదిలో ఎంత కష్టం?" తొమ్మిది. "ఒంట్లో ఎక్కడ?" కుడి అరికాలు. అప్పుడావిడ రెండు వేళ్లు నా కళ్ల ముందు అటూ ఇటూ కదిపారు, అర నిమిషం. "ఏమొచ్చింది?" "బట్టల మూటలు." "దాంతోనే ఉండండి." మళ్లీ వేళ్లు. మరిది మొహం వచ్చింది, గాజు పెంకులు వచ్చాయి, ఎందుకో మా నాయనమ్మ పక్క వచ్చింది. కథంతా వరసగా చెప్పమని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ గంట చివర్లో నా కుడి కాలు తొడ నుంచి పాదం దాకా సన్నగా వణికి, వదులైంది. ఎవరూ డప్పు కొట్టలేదు. మొత్తం తొమ్మిది సెషన్లు పట్టాయి. నీలం టార్పాలిన్ ఇప్పటికీ గుర్తుంది, కాకపోతే అది టార్పాలిన్ మాత్రమే.

ఆ తర్వాత కారు అలవాటు చేసుకోవడం వేరే పని. ఆగి ఉన్న కారులో ఐదు నిమిషాలు, తర్వాత వీధి చివరిదాకా, తర్వాత నార్కెట్‌పల్లి దాకా.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది. ఆరో వారం ఎక్స్-రే చూశాక ఇంకో రెండు నిమిషాలు మాకివ్వండి. నిద్ర పడుతోందా, పీడకలలు వస్తున్నాయా, బండి ఎక్కగలుగుతున్నారా, చప్పుడికి ఉలిక్కిపడుతున్నారా, ప్రమాదం మీ తప్పే అనిపిస్తోందా. దాదాపు ఇలాంటి ఐదు ప్రశ్నల చీటీ ప్రాథమిక వైద్యం చేసే డాక్టర్ల కోసం ఇప్పటికే తయారై ఉంది, మీ జూనియర్‌తోనో నర్సమ్మతోనో అడిగించినా చాలు. అవునన్నవాళ్లకి జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి ఓ.పి. ఏ రోజో ఓ.పి. చీటీ వెనక రాసివ్వండి. 14416 అనే టెలి మానస్ నంబరు, అంటే మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన ఫోను నంబరు, కూడా రాయండి, 2022 అక్టోబరు నుంచి ఉంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో మీరే ఒకసారి చూసి పంపండి, మాకు అడగాలని తెలియదు. హీలర్, కోచ్ అనే బోర్డుకి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు.

డిశ్చార్జ్ కాగితంలో నిద్రమాత్ర రాస్తే ఎప్పుడు ఆపాలో కూడా రాయండి. నాకు రాసిన మాత్రని మెడికల్ షాపువాడు నాలుగు నెలలు ఇస్తూనే ఉన్నాడు. ప్రమాదం జరిగిన మొదటి నెలలో ఆ రకం మాత్రలు ఇవ్వొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అలాగే వార్డులో మాకు ఒక సాయం చెయ్యండి. హార్లిక్స్ సీసా పట్టుకుని వచ్చే ప్రతి చుట్టమూ "అసలెట్ల జరిగింది, మొదటినుంచి చెప్పు" అంటారు. ప్రేమే, కాదనను. రోజుకి పదిసార్లు నేను ఆ లారీని గుద్దుకున్నాను. మొదటి రోజుల్లో జరిగిందంతా బలవంతాన చెప్పించడం వల్ల మేలు లేదని పరిశోధనలు చెప్తున్నాయి. సందర్శకుల వేళలు రాసే బోర్డు కింద ఈ ఒక్క మాట కూడా రాయించండి, మేము చెప్తే వినరు.

మా మరిది సంగతి ఇంకా చెప్పలేదు. అతనికి మోచేతి మీద గీరుకుంది, అంతే. అత్యవసర విభాగంలో దూది అద్ది పంపించేశారు. ఓ.పి. చీటీ లేదు, ఎక్స్-రే లేదు, ఆరో వారం లేదు. ఆరోజు నుంచి స్టీరింగు పట్టలేదు, కారు అమ్మేశాడు, నా ఎదురుగా కూర్చోడు. నేను చికిత్సకి వెళ్తున్నప్పుడు నన్ను ప్రతిసారీ బస్టాండులో దింపింది అతనే, నడుచుకుంటూ వచ్చి. ఫాలో-అప్‌కి వచ్చినవాళ్లని "బండిలో ఇంకెవరున్నారు, వాళ్లెలా ఉన్నారు?" అని కూడా అడగండి. ఎముక విరగనివాళ్లు మీ దగ్గరికి రావడానికి వేరే దారి లేదు.

వచ్చే నెల రాడ్ తీయించుకోవడానికి వస్తున్నాను. మత్తు ఇచ్చే డాక్టరుగారికి ముందే చెప్పండి, మాస్కు వెనకనుంచి కాకుండా నా కళ్లకి కనపడేలా తెమ్మని. ఫిజియో అమ్మాయి మీ దగ్గరే పనిచేస్తుంటే ఆమె షిఫ్టులోనే నా పేరు వెయ్యండి. మా మరిదిని కూడా వెంట తీసుకొస్తాను, పేషెంటు సహాయకుడు అనే పేరుతో. ఒక్క ఐదు నిమిషాలు అతన్ని కూడా కూర్చోమనండి. ఇంకొకటి, తీసిన రాడ్‌ని కొన్నిచోట్ల పేషెంటుకే ఇచ్చేస్తారట కదా. ఇస్తే షాపులో కొలతకర్ర పక్కన పెట్టుకుంటాను.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక టైలరు